తూనీగ మార్కు చాయ్‌పత్తాతో కాగజ్‌నగర్ దాకా

ఉత్తర తెలంగాణకు వెళ్లొచ్చానని చెప్పగానే మిత్రులు ఏ జలపాతం చూశావని అడుగుతున్నారు. నేను చూసినవి కిరాణా దుకాణాలు. కరీంనగర్ నుంచి కాగజ్‌నగర్ దాకా ఒక చిన్న ట్రాలీ బండిలో, వెనక టీపొడి పెట్టెలు (అక్కడ చాయ్‌పత్తా అంటారు) ఊగుతుండగా, ముందు సీట్లో ఒళ్లో సంచి పెట్టుకుని వెళ్లాను. దారిలో గోదావరి ఉంది, బొగ్గు గనులు ఉన్నాయి, టేకు అడవి ఉంది. వాటిని సగం మెలకువలోనూ సగం నిద్రలోనూ చూశాను. బండి కదిలితే చాలు, నాకు కళ్లు వాలిపోతాయి. అందుకని ఇందులో ఏ ఊరైనా కొంచెం కలలాగా కనబడితే తప్పు ఆ ఊరిది కాదు.

నా పని గురించి కూడా చెప్పాలి. ప్యాకెట్ల మీదా, బస్సుల వెనకా, గోడల మీదా సరుకును పొగుడుతూ ఒకటి రెండు వాక్యాలుంటాయి కదా, అవి రాస్తాను. మాది తెనాలి, ఉండేది విజయవాడ. పచ్చళ్లకు రాశాను, సబ్బులకు రాశాను, సిమెంటుకూ రాశాను. ప్రతి యజమానీ నా ఎదురుగా కూర్చుని, మాది అందరిలాంటిది కాదండీ అంటాడు. అందరూ అదే మాట అనగా విని విని నాకది జోలపాటలా అయిపోయింది. సంత నిండా సరుకు ఉన్నప్పుడు ఒక కంపెనీ నిజంగా వేరుగా నిలబడగలదా అని నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలియదు.

సుగుణ గారు అడిగారు. కరీంనగర్‌లో ఆవిడా, ఆవిడ భర్త దేవయ్య గారూ కలిసి ‘తూనీగ మార్కు’ అనే చాయ్‌పత్తా కంపెనీ నడుపుతున్నారు. కంపెనీ అంటే ఇంటి వెనక రేకుల షెడ్డు, ఒక ప్యాకింగ్ మిషను, ఒక ట్రాలీ. హైదరాబాద్‌లోని ఒక పెద్ద కంపెనీ వాళ్ల ముందు ఒక బేరం పెట్టింది. మీ షెడ్డులో మా పత్తాను మా పేరుతో ప్యాక్ చేయండి, నెలనెలా ఇంత అని ఇస్తాం, అమ్మకం మా బండ్లు చూసుకుంటాయి, మీ తూనీగను మాత్రం ఆపేయండి అని.

“మాదాంట్ల ఏమన్న తేడా ఉంటె ఒక్క మాట రాసియ్యుండ్రి సార్, ప్యాకెట్ మీద కొట్టిచ్చుకొని మేమే నడుపుకుంటం,” అన్నారావిడ ఫోన్లో. “రాసేటందుకు ఏం లేకుంటె గదన్న చెప్పుండ్రి. సంతకం పెట్టి ఊకుంట. మోకాళ్లు గూడ నొస్తున్నయి, బండి తోలుడు తప్పుతది.”

ఒక కంపెనీ పేరు ఉండాలా పోవాలా అన్నది నా వాక్యం మీద పెట్టడం అదే మొదటిసారి. భయమేసింది, కొంచెం గర్వంగానూ అనిపించింది. బస్సెక్కాను.

కరీంనగర్, మూడు కప్పులు

కార్తీకం చివరి రోజులు. తెల్లారకముందే బస్సు దిగేసరికి ఊరంతా పొగమంచులో ఉంది. బస్టాండు బయట చాయ్ హోటళ్ల పొయ్యిల వెలుగు తప్ప ఏమీ కనబడటం లేదు. మా వైపు టీ అంటే నిలబడి గబగబా తాగి గ్లాసు బల్ల మీద పెట్టి పోవడమే. ఇక్కడ పెద్దవాళ్లు సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ కూర్చుంటారు, ఊదడం కూడా రోజువారీ పనుల్లో ఒకటన్నట్టు. చాయ్ పది రూపాయలు. నేనూ సరదాపడి సాసర్ అడిగి, సగం చొక్కా మీద పోసుకున్నాను.

సుగుణ గారు నడివయసు మనిషి, గట్టిగా మాట్లాడతారు, నవ్వితే కళ్లు మూసుకుపోతాయి. గిన్నె లోపల పిండి ఒత్తి కాల్చిన సర్వపిండి పెట్టారు. పల్లీలు, నువ్వులు, కరివేపాకు, మంచి కారం. మేం దీన్ని తపాలచెక్క అంటాం, అసలుది మాదేనని వాదిస్తాం. తిన్నాక ఆ వాదన పైకి తీయలేదు. నేను చట్నీ అడిగితే ఆవిడ నావైపు జాలిగా చూసి, ఇంకో ముక్క వేశారు.

షెడ్డులో దేవయ్య గారు టార్పాలిన్ మీద రెండు రకాల పత్తాను పారతో కలుపుతున్నారు. దుబాయిలో చాలా ఏళ్లు పనిచేసి, తెచ్చిన డబ్బుతో ఆ మిషను కొన్నారట. మాటలు తక్కువ. బజారుకు వెళ్లి చూస్తే దుకాణాల అరల నిండా చాయ్‌పత్తానే. అన్నీ ఎర్ర ప్యాకెట్లు. చిలుక, హంస, గులాబీ, ఏనుగు, సూర్యుడు. వాటి మధ్య మా తూనీగ ఎక్కడుందో కాసేపు వెతికితేగానీ కనబడలేదు. కనబడ్డాక కూడా అది రెక్కలున్న మిరపకాయలా ఉంది.

సాయంత్రం వంటింట్లో ఒక పరీక్ష పెట్టాను. మూడు కప్పులు. ఒకటి తూనీగ, ఒకటి పక్క వీధి కంపెనీది, ఒకటి ఆ పెద్ద కంపెనీది. దేవయ్య గారు కాచి, ఏది ఏదో తనకు మాత్రమే తెలిసేట్టు పెట్టారు. నేను ఒక్కొక్కటే గుటక వేసి, కళ్లు మూసుకుని, మూడోది తూనీగ అని తేల్చేశాను. గుటక దిగాక తొలకరి మట్టివాసన వస్తోందని కూడా అన్నాను. అది పెద్ద కంపెనీది. సుగుణ గారు తాగి, మొదటిది మాదే అన్నారు. అది పక్క వీధిది. దేవయ్య గారు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు.

“అందరం ఒక్క సేటు దగ్గర్నే కొంటం,” అన్నారు దగ్గు తగ్గాక. “తేడా యాడికెల్లి వస్తది? సంతకం పెట్టు సుగుణా, పాణం సుఖం.”

సుగుణ గారు నవ్వలేదు. “రేపు లైనుకు పోదాం సార్,” అన్నారు నాతో. “మాకు తేడా ఏర్పడలే. తాగేటోళ్లకు ఏమన్న ఏర్పడుతదేమో సూద్దురు.” ఊరూరా దుకాణాలకు సరుకు వేసుకుంటూ పోవడాన్ని వాళ్లు లైను అంటారు. ఏ ఊరికి ఏ వారమో ముందే ఉంటుంది. ట్రాలీ నడిపేది ఆవిడే.

గోదావరి మీద, మంచిర్యాలలో

శుక్రవారం పొద్దున పెద్దపల్లి దాటిన సంగతి నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి అంతా తెలుపు. పైనా కిందా తెలుపే, రోడ్డు కూడా కొంచెం దూరం పోయి అందులో కలిసిపోయింది.

“ఎక్కడున్నామండీ?” అన్నాను.

“గోదారి మీద,” అన్నారు సుగుణ గారు. నాకోసం బండి నెమ్మది చేశారు. నది కనబడలేదు, దాని చల్లదనం మాత్రం కాళ్లకు తగులుతోంది. ఎక్కడో కింద ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, పిలుపు వినబడుతోంది గానీ పేరు వినబడటం లేదు. ఆ కాసేపు నాకు ఏ కంపెనీ గుర్తు రాలేదు, ఏ వాక్యమూ గుర్తు రాలేదు. నీ ఊరేదని ఎవరైనా అడిగితే కొంచెం ఆలోచించి చెప్పేవాణ్ణి. అలా ఇంకా చాలాసేపు ఉంటే బాగుండుననిపించింది, కానీ వంతెన అయిపోయింది.

మంచిర్యాల రైళ్ల ఊరు. స్టేషను చుట్టుపక్కల దుకాణాలు పొద్దున్నే కిటకిటలాడుతున్నాయి. ఒక్కో చోటా సుగుణ గారు దండల్లా ఉన్న చిన్న ప్యాకెట్లను కొక్కానికి తగిలించి, పెద్దవి అరలో సర్దుతుంటే నేను దుకాణదారును పక్కకు పిలిచి, తూనీగను ఎందుకు పెడతారని అడిగాను.

“శుక్కురారం శుక్కురారం వస్తది గద సార్. వస్తది, పెడుత,” అన్నాడొకాయన.

“రుచి ఎలా ఉంటుంది?”

“నేను చాయ్ తాగ సార్. గ్యాసు.”

స్టేషను ఎదుట చాయ్ హోటల్ నడిపే మనిషి ఇంకా నిజాయితీపరుడు. ఆయన ముందర ఒక పెద్ద స్టీలు డబ్బా ఉంది. వచ్చిన ప్రతి కంపెనీ ప్యాకెట్‌నూ కత్తిరించి అందులోకే వంపుతున్నాడు. హంస, ఏనుగు, తూనీగ, అన్నీ అందులోకే. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, “ఎవ్వలు ముందుగాల వస్తె వాళ్లది తీసుకుంట సార్. అన్ని గిండ్లనే పోస్త,” అని చెప్పి నాకొక చాయ్ ఇచ్చాడు. చాలా బాగుంది. ఎవరి గొప్పతనమో చెప్పలేను. నాలాంటివాళ్లం ఏళ్ల తరబడి వాక్యాలు రాసి విడదీసిన కంపెనీలన్నీ ఆ డబ్బాలో ఒకదాని పక్కన ఒకటి హాయిగా ఉన్నాయి. సుగుణ గారు అటు చూడకుండా బండి వైపు వెళ్లిపోయారు.

మందమర్రి

గనుల ఊళ్లో గాలిలోనే సన్నటి నలుపు ఉంటుంది. కార్మికుల ఇళ్లు వరసగా, ఒకే కొలత, ఒకే తలుపు. ఏ ఇల్లు ఎవరిదో గుర్తుపట్టడానికేమో, ఒకరు గుమ్మానికి నీలం వేశారు, ఒకరు పందిరికి చిక్కుడు పాకించారు. షిఫ్టు దిగిన మనుషులు మెల్లగా నడిచి పోతున్నారు. వాళ్ల కళ్లు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి.

అక్కడ పోచన్న అనే దుకాణదారు దగ్గర చిన్న గొడవైంది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు ప్యాకెట్లు చేతుల్లో పట్టుకుని, ఈ రెంటికీ తేడా ఏమిటండీ అని అడిగాను. ఆయన నన్ను కల్తీ పట్టే ఆఫీసరనుకున్నాడు. ముందు బిస్కెట్లు పెట్టాడు, తరవాత సోడా కొట్టించాడు, తరవాత నెమ్మదిగా నూనె డబ్బా ఒకటి కాలితో లోపలికి తోశాడు. సుగుణ గారు వచ్చి సంగతి చెప్పేలోగా నేను బిస్కెట్లు సగం తినేశాను. ఆఫీసరును కానని తెలిశాక ఆయన మిగతావి వెనక్కి తీసుకున్నాడు.

“తేడా ఏమున్నది సార్,” అన్నాడప్పుడు, నిశ్చింతగా. “మొన్నొక కంపెనీ అద్దకిలో ప్యాకెట్‌కు స్టీలు చెంచ ఇచ్చింది. గా నెలంత అందరు గదే తాగిండ్రు. చెంచలు అయిపోయినయి, కంపెనీ అయిపోయింది.”

ఇంతలో ఒకావిడ వచ్చింది. “చాయ్‌పత్తా ఇయ్యి పోచన్న.”

“ఏదియ్యాలె?”

“ఏదన్న ఇయ్యి. పొయ్యి మీద నీళ్లు మసుల్తున్నయి.”

ఆయన చెయ్యి దగ్గరున్నది తెంపి ఇచ్చాడు. అది గులాబీ. తూనీగ దండ దానికి బెత్తెడు దూరంలో వేలాడుతోంది, అప్పుడే సుగుణ గారు తగిలించింది. సుగుణ గారి ముఖంలో రంగు మారింది. బండిలో కూర్చున్నాక నేను ఆవిడను తేలికపరచడానికి కొన్ని వాక్యాలు వల్లించాను. ‘ఒక్క గుటకతో రెక్కలు’, ‘వాలితే తూనీగే వాలాలి’. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

“మంచిగున్నయి సార్. గులాబీకి గూడ పనికొస్తయి,” అన్నారు.

పత్తి దారి

రాత్రికి కరీంనగర్ తిరిగొచ్చి, శనివారం చీకటుండగానే కాగజ్‌నగర్ లైనుకు బయల్దేరాం. బెల్లంపల్లి దాటాక రోడ్డుకు రెండు వైపులా తుమ్మచెట్లకూ, రేగుపొదలకూ తెల్లటి దూది అంటుకుని ఉంది. పత్తి ఏరే కాలం. లారీలు పోతూ పోతూ ముళ్లకు ఇంత దూది వదిలేసి పోతాయి. ముందురోజు అంతా నలుపు చూసిన కళ్లకు ఆ తెలుపు నమ్మకంగా అనిపించలేదు. ఒకచోట దూది పింజ ఒకటి కిటికీలోంచి వచ్చి నా మోకాలి మీద వాలి, కొంతదూరం ప్రయాణం చేసి, దిగిపోయింది. టేకు ఆకులు రోడ్డు మీద పడి బండి కింద పెళపెళమంటున్నాయి. నాకు మళ్లీ నిద్ర వస్తోంది. అప్పుడు సుగుణ గారు మాట్లాడటం మొదలుపెట్టారు.

“సార్, ఒక్క మాట. కాగజ్‌నగర్‌ల మా పత్తా ముందట పెడుతరు, అడిగి కొంటరు. గది సూసి మీరు మోసపోవద్దు. మంచిగున్నదని కాదు.”

“మరెందుకు?”

ఆవిడ రోడ్డు చూస్తూనే చెప్పారు. కాగజ్‌నగర్ ఆవిడ పుట్టిన ఊరు. బాపు, అంటే నాన్న, కాగితం మిల్లులో పనిచేసి, ఆవిడ పెళ్లికి ముందే పోయారు. అవ్వ, అంటే అమ్మ, ఒక్కతే ఉండేది. మిల్లు మూతపడిన ఏళ్లలో అవ్వకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. కరీంనగర్‌కు తీసుకొస్తానంటే రానంది. చుట్టుపక్కల ఆడవాళ్లు వారమంతా చూసుకునేవారు, శనివారం సుగుణ గారు వెళ్లి స్నానం చేయించి, తల దువ్వి, తినిపించి వచ్చేవారు.

“ఉట్టిగ డీజిల్ కాల్చుకొని పోతె మా ఆయన ఏమనుకుంటడో అని నాలుగు దండలు ఏసుకొని పోయేదాన్ని. అమ్ముతానంటె కొనేటోళ్లెవ్వలు సార్ అప్పుడు. ఊరంత పరేషాన్ల ఉండె. అయినా తగిలేసి వచ్చేదాన్ని. వాళ్లేమో నేను వాళ్ల కోసం వచ్చిన అనుకున్నరు. గప్పటికెల్లి నన్ను మంచిగ సూస్తరు. నాకు సిగ్గయితది. బేరం కోసం గూడ రాలే నేను, అవ్వ కోసం వచ్చిన.”

“ఇప్పుడు అవ్వ?”

“పోయి రెండేండ్లాయె.”

అంత నిజం చెప్పిన మనిషి పక్కన నిద్రపోవడం బాగుండదని, కాగజ్‌నగర్ వచ్చేదాకా మెలకువగానే ఉన్నాను.

కాగజ్‌నగర్, శనివారం

ఊరు కనబడకముందే మిల్లు వాసన వస్తుంది. గంజి ఉడికి అడుగంటితే వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది. మొదట ముక్కు మూసుకున్నాను. “గీ వాసన లేని దినాలు సూసినోళ్లకు గిది అత్తరు సార్,” అన్నారు సుగుణ గారు. మిల్లు మళ్లీ తెరిచి చాలా ఏళ్లయింది. అయినా ఆ మాట అనేటప్పుడు ఆవిడ ఒకసారి గట్టిగా గాలి పీల్చుకున్నారు.

పొద్దున పూట ఇక్కడ అటుకుల పోహా తింటారు, పైన సన్న కారప్పూస చల్లి. మహారాష్ట్ర దగ్గర కదా, దుకాణాల్లో సగం బేరాలు మరాఠీలో జరుగుతాయి. ఇరవై రూపాయలకు పెద్ద ప్లేటు. మా ఊళ్లో అటుకులంటే కృష్ణాష్టమికి తప్ప గుర్తుకు రావు. రెండు ప్లేట్లు తిన్నాను.

మెథడిస్టు చర్చి ఉన్న వాడలో రాహేలమ్మ దుకాణం. అరవై దాటిన మనిషి, లావుపాటి కళ్లద్దాలు. తలుపు తీయగానే ఎదురుగా తూనీగ, నిలువునా నాలుగు దండలు. మిగతా బొమ్మలన్నీ లోపల చీకట్లో ఉన్నాయి. నేను ప్రశ్న అడగబోతే సుగుణ గారు వద్దన్నట్టు చూశారు. అడగలేదు. రాహేలమ్మే నన్ను అడిగింది.

“సారుది ఏ ఊరు? రేపు కోత పండుగున్నది మా గుడిల. ఉండి పోండ్రి. సుగుణ గూడ గీసారి ఉంటది.”

ఉన్నాను.

కోత పండుగ

పంట చేతికి వచ్చాక ఇక్కడి క్రైస్తవ కుటుంబాలు తొలి పంటలో కొంత గుడికి తెస్తాయి. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ముందు చాపలు పరిచారు. వాటి మీద వడ్లు, మొక్కజొన్నలు, పత్తి, కందులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, ఒక సీసాలో తేనె. ఇదంతా వేలంపాటకు పెడతారు, వచ్చిన డబ్బు గుడికి. వేలం వేసేది సంఘపెద్ద యోహాను గారు, తెల్ల పంచె, సన్నటి గొంతు.

గుమ్మడికాయలు ఓ పదిదాకా ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. యోహాను గారు ఒకటి ఎత్తి పట్టుకున్నారు. “గిది దీనమ్మ పెరట్లది. కోతులు తీగంత తెంపినయి, గిదొక్కటి గడ్డివాములకు పాకి దాక్కున్నది.” పాట లేచింది. ఇంకొకటి ఎత్తారు. “గిది శాంతరాజు చేనుది. ఆయన కాలిరిగి మంచంల ఉన్నడు, నీళ్లు పొయ్యకుంటనే కాసింది.” అది ఇంకా పైకి పోయింది. నేను నా వృత్తికి కొంచెం సిగ్గుపడి, కొంచెం అసూయపడి, ఆ వేడిలో నేనూ పాడి ఒక గుమ్మడికాయ గెలిచాను.

మా వైపు వినాయకుడి లడ్డూ పాడుకున్నవాడు నెత్తిన పెట్టుకుని ఇంటికి తీసుకుపోతాడు. నేనూ అలాగే గుమ్మడికాయను చంకన పెట్టుకుని వెళ్లి గోడ పక్కన కూర్చున్నాను. పాట ఆగిపోయింది. అందరూ నావైపే చూస్తున్నారు.

“సారు, గుమ్మడికాయను బెజవాడ తోలుకపోతరా?” అన్నారు యోహాను గారు, ఎంతో మర్యాదగా.

ఇక్కడ గెలిచినవాళ్లు డబ్బు కట్టి, వస్తువును మళ్లీ చాప మీదే పెట్టేస్తారట. అది మళ్లీ వేలానికి వస్తుంది, ఇంకొకరు పాడతారు, వాళ్లూ పెట్టేస్తారు. అందరూ నవ్వుతుంటే వెళ్లి గుమ్మడికాయను దాని చోట పడుకోబెట్టి వచ్చాను. అది నా తరవాత ముగ్గురి చేతులు మారింది.

అప్పుడు యోహాను గారు ఒక ఎర్ర ప్యాకెట్ ఎత్తారు. తూనీగ మార్కు, కిలోది.

“గిది రాహేలమ్మ పంట.”

ఎవరూ ఆశ్చర్యపోలేదు. పాట లేచింది. నా పక్కన సుగుణ గారు బిగుసుకుపోయారు. ఇన్నేళ్లలో ఆవిడ ఎప్పుడూ పండుగకు ఉండలేదట. సరుకు వేసి శనివారం సాయంత్రానికే తిరిగిపోయేవారు.

“అక్కా, గిదేంది?” అన్నారు రాహేలమ్మతో, గొంతు తగ్గించి. “కొన్నది తెచ్చి పెట్టినవేంది?”

“నాకు చేను లేదు గద,” అంది రాహేలమ్మ. “దుకాణమే నా చేను. మిల్లు బందైనప్పుడు దాంట్ల ఏం పండలే. బిస్కెట్ బండి రాలే, సబ్బుల బండి రాలే. అమ్ముడుపోని ఊరికి ఎవ్వలొస్తరు? శనారం శనారం గిదొక్కటి పండింది. గప్పటికెల్లి ఏటేట గిదే పెడుతున్న.”

సుగుణ గారి ముఖం ఎర్రబడింది. దారిలో నాకు చెప్పిందంతా ఆవిడ ఆ చాప అంచున కూర్చుని రాహేలమ్మకు చెప్పేశారు. “నేను మీ కోసం రాలే అక్కా. మీరు తప్పుగ అనుకున్నరు. అవ్వ కోసం వచ్చిన, చేతులు ఉట్టిగ ఉంటె బాగుండదని నాలుగు దండలు తెచ్చిన. గంతే.”

రాహేలమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

“మాకెరుకలేదా బిడ్డా? మీ అవ్వకు వారమంత గంజి పోసింది మేమే గద. నువ్వెందుకొస్తె మాకేంది. అప్పుడు మిల్లు సైరను లేదు, జీతం దినం లేదు. పొద్దు ఎక్కుడు, పొద్దు దిగుడు. ఏ దినం ఏదో ఏర్పడకపోయేది. నీ బండి చప్పుడైతె, ఓహో శనారం వచ్చింది, వారం గడిచింది అనుకునేటోళ్లం. లేచి మొఖాలు కడుక్కునేటోళ్లం.” కళ్లద్దాలు పెట్టుకుని సుగుణ గారి వైపు చూసింది. “మరి అవ్వ పోయి రెండేండ్లాయె. గిప్పుడు ఎవ్వలి కోసం వస్తున్నవ్?”

సుగుణ గారు ఏడుస్తున్నారు, దాచుకోలేదు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. చాప మీద తూనీగ మళ్లీ పాటకు వచ్చింది, ఎవరో దాన్ని మళ్లీ పాడుకున్నారు. తరవాత ప్రేమవిందని గుడి ముందే అందరికీ బగారన్నం, కోడికూర పెట్టారు. సుగుణ గారు వడ్డించడానికి లేచి, అందరూ తినేదాకా కూర్చోలేదు.

తిరుగుదారి

సోమవారం తిరిగొస్తుంటే అదే దూది, అదే టేకు ఆకులు. నేను చెప్పవలసింది చెప్పేశాను. మీ చాయ్‌లో తేడా ఏమీ లేదండీ, రాయడానికి నాకు ఒక్క మాట కూడా దొరకలేదు, దొరికిందని అబద్ధం చెప్పలేను అన్నాను. సేటు వేరు కాదు, రంగు వేరు కాదు, రుచి వేరు కాదు. కాగజ్‌నగర్‌లో వేరైనదేదో ఉంది, కానీ దాన్ని ఎవరూ వేరు కావాలని చేయలేదు, అందుకే అది నా వాక్యానికి చిక్కదు. ఇంకో కంపెనీ చూసి చేద్దామన్నా కుదరదు.

“నిజం చెప్పిండ్రు సార్,” అన్నారావిడ. కోపం లేదు, తేలిగ్గా కూడా లేదు. “మోకాళ్ల సంగతి గూడ నిజమే.”

ఆసిఫాబాద్ దారి కలిసే చోట ఫోన్ మోగింది. ఆవిడ బండి పక్కకు ఆపి స్పీకర్ పెట్టారు. హైదరాబాద్ పెద్ద కంపెనీ మనిషి, మృదువుగా మాట్లాడుతున్నాడు. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి మేడం, ఎప్పుడు వస్తారు అని అడిగాడు. ఆవిడ వస్తానన్నా తప్పులేదు. సుఖపడే వయసే. నేనైతే వెళ్లి ఉండేవాణ్ణి.

“వస్త సార్. ఒక్కటి చెప్పుండ్రి,” అన్నారు సుగుణ గారు. “సంతకం పెట్టినంక కాగజ్‌నగర్‌కు మీ బండి ఏ దినం వస్తది?”

“అది అమ్మకాన్ని బట్టి ఉంటుంది మేడం. డిమాండ్ ఉంటే వారానికి రెండుసార్లు కూడా వస్తుంది.”

“లేకుంటె?”

“లేకపోతే ఎందుకు పంపుతాం మేడం?” అతను నవ్వాడు. అతను అన్నది న్యాయమే, ఏ కంపెనీ అయినా అదే అంటుంది.

“గట్లయితె వద్దు సార్,” అన్నారు సుగుణ గారు. “మంచిదే అడిగిండ్రు. కానీ వద్దు.”

అతను ఇంకా ఏదో చెబుతుండగానే ఫోన్ పెట్టేశారు. తరవాత ఇంటికి ఫోన్ చేశారు. వెనకాల మిషను చప్పుడు వినబడింది, తరవాత దేవయ్య గారి దగ్గు.

“ఇగో, ఇన్నవా,” అన్నారావిడ. “శుక్రారం మాపటికి కాగజ్‌నగర్ పెట్టెలు కట్టి పెట్టు.”

అవతల మిషను ఆగింది. దేవయ్య గారు పెద్ద కంపెనీ ఏమైందని అడగలేదు, మోకాళ్ల సంగతి ఎత్తలేదు.

“ఎన్ని?” అన్నారు.

“ఎప్పటి లెక్కనే.”